నోనాఘాట్‌లో పోటు వేళ

బుధవారం పొద్దున పదీ ఇరవైకి, హుగ్లీ నది ఒడ్డునున్న షాలిమార్ స్టేషన్‌లో, ఇంజనీరు ప్రదీప్‌కుమార్ మట్టి కప్పులో టీ తాగాడు. పదీ ఇరవై రెండుకి చనిపోయాడు. విశాఖ వెళ్ళే రైలు, ఎవరి చావుతోనూ నిమిత్తం లేకుండా, చెప్పిన వేళకే కదిలింది.

చూసినవాళ్ళు గుండెపోటన్నారు. జేబులో టికెట్టు, కళ్ళద్దాల పెట్టె, పాంజీలోంచి చింపిన ఒక పేజీ దొరికాయి. పాంజీ అంటే బెంగాలీల పంచాంగం. పాపం ప్రయాణానికి మంచి వేళ చూసుకున్నట్టున్నాడు, అది పనిచెయ్యలేదు అనుకున్నారంతా.

గంటన్నర తర్వాత భవానీపూర్‌లో, చీరలకి ఫాల్ వేసే ఒక ఇరుకు కొట్లోకి నలభై ఏడేళ్ళ హైమ సంచీతో వెళ్ళింది.

"ఫాల్ ఒక్కటేనా, పీకో కూడానా?" అన్నాడు కొట్టువాడు తలెత్తకుండా.

"రెండూ. ఫాల్ రంగు మాత్రం చీరకి కలవకూడదు."

ఆ మాట దేశంలో ఏ ఆడదీ పొరపాటున కూడా అనదు. అందుకే అది కోడ్ అయింది. కొట్టువాడు తెర తొలగించాడు.

వీధిలో అందరికీ ఆవిడ బ్యాంకు ఆఫీసరు మృత్యుంజయగారి భార్య. ప్రాణాలకు తెగించే ఉద్యోగం ఆవిడది, మృత్యుంజయ అన్న పేరు ఆయనది. పంపకంలో ఎక్కడో పొరపాటు జరిగింది.

తెర వెనక గూఢచారి సెక్షన్ చీఫ్ రామనాథం కుట్టుమిషను మీద మోచేతులానించి కూర్చున్నాడు.

"ప్రదీప్‌కుమార్ పోయాడు. టీలో కలిపారు."

హైమ సంచీ కింద పెట్టింది. నాలుగేళ్ళ కిందట ఆ మనిషికి కాఫీ ఇప్పించి, ఒప్పించి, ప్రభుత్వ ఉద్యోగం మానిపించింది ఆవిడే.

అప్పట్లో దూరదేశం నుంచి డెల్టా ట్రస్ట్ అని ఒక సంస్థ, కాలవ గేట్లు చూసే ప్రభుత్వ నదీద్వారాల శాఖకు సాయం చేస్తామని వచ్చింది. నగరంలో పడిన వాననీరు కాలవల్లోంచి హుగ్లీలోకి పోవాలి. నది పాటు మీద ఉన్నప్పుడు గేట్లు తెరవాలి, పోటు వచ్చేముందు మూయాలి. లేకపోతే నది వెనక్కి తన్ని ఊళ్ళోకి వస్తుంది. ఆ పని వందేళ్ళుగా కలాసీలు చేత్తో చేసేవారు. పాంజీలో రోజువారీ పోటు వేళలు అచ్చయి ఉంటాయి. గేటుకో పాంజీ, గోడకో మేకు, అంతే టెక్నాలజీ.

ట్రస్టు మీద అనుమానంతో సెక్షన్ హైమను అందులో కన్సల్టెంటుగా దింపింది. కవర్ నిలబడాలంటే కన్సల్టెంటు పని కూడా చెయ్యాలి. ఏ పనైనా మానెయ్యమంటే మానేస్తుంది గానీ, చెడగొట్టి చెయ్యమంటే ఆవిడకు చేతకాదు. మూడేళ్ళలో గూఢచర్యానికేమీ దొరకలేదు. ట్రస్టువాళ్ళు ఏమీ దాచలేదు మరి, అంతా పట్టపగలే చేశారు. శాఖలో పదకొండుమంది ఇంజనీర్లుంటే తొమ్మిదిమంది మూడింతల జీతానికి ట్రస్టు ఆఫీసుకి తరలిపోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకాయనకి చెవుడు. ముప్ఫై ఆరు కలాసీ పోస్టులు అనవసరమని రిపోర్టు రాసిందీ, పాంజీ మతగ్రంథం గనక గ్రాంటుతో కొనడానికి వీల్లేదన్న ఆడిటర్ల మాటను పాయింటుగా చేర్చిందీ హైమే. ఇప్పుడు గేట్లు కంప్యూటరు మూస్తుంది. పోటు వేళలు విదేశీ సర్వర్ నుంచి వస్తాయి.

గేట్‌హౌస్ పైకప్పు కారడం మానిన మాటా నిజమే. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి వచ్చిన మాటా నిజమే. అందుకే అన్నాళ్ళూ ఆవిడకు నిద్ర పట్టింది.

రామనాథం ప్రదీప్‌కుమార్ జేబులో దొరికిన పాంజీ పేజీ ముందుకు తోశాడు. రేపటి తేదీ. మధ్యాహ్నం మూడూ నలభై రెండు చుట్టూ సున్నా చుట్టి ఉంది.

"దీన్ని మనకి చేర్చి ఊరు దాటాలనుకున్నట్టుంది. పోలీసులేమో ప్రయాణ ముహూర్తమంటున్నారు."

"పోటు వేళ," అంది హైమ. "రేపటి పోటు నోనాఘాట్ గేటు దగ్గర మూడూ నలభై రెండుకి పతాక స్థాయికి వస్తుంది. సర్వర్ ఏమంటోంది?"

ఆయన ఫోనులో చూశాడు. చూసి, ఫోను బోర్లించాడు. "ఐదూ నలభై రెండు."

కొట్లో మిషను కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

"గేటు రెండు గంటలు ఆలస్యంగా మూసుకుంటుంది," అన్నాడు ఆయన నెమ్మదిగా. "రెండ్రోజుల వానకి కాలవ నిండుగా ఉంది. దాని మీద నది ఎక్కుతుంది. గార్డెన్ రీచ్ వెనకాల మన మున్సిపల్ పనివాళ్ళ లైన్లున్నాయే, నాలుగు వేలమంది, అక్కడ నిలువెత్తు నీళ్ళు. మర్నాడు పొద్దున ఏమంటారు? లోకల్ శాఖకి చేతకాలేదంటారు. ఎమర్జెన్సీ ఒప్పందం సిద్ధంగా ఉంది. పదకొండు గేట్లూ ముప్ఫై ఏళ్ళకి ట్రస్టు చేతికి. యుద్ధనౌకల యార్డు పక్కనున్న నాలుగింటితో సహా. నీటిమట్టం చూసే కెమెరాలు యార్డులోంచి బయటికొచ్చే ప్రతి ఓడనీ చూస్తాయి."

"కదంబం ఏమంది?"

కదంబం అన్నది ట్రస్టులోంచి సెక్షన్‌కి సమాచారమిచ్చే నీరజ మారుపేరు. ప్రోగ్రాం డైరెక్టరు. చేనేత చీర, వెండి జుంకాలు, ఎవరితో మాట్లాడినా వాళ్ళే లోకమన్నట్టు చూసే కళ్ళు.

"శుక్రవారం చిన్న డెమో, ప్రమాదమేమీ లేదంది."

"అయితే అటే ఉంది."

"ఇటు కూడా జీతం తీసుకుంటోంది," అన్నాడు రామనాథం బాధగా.

"పోలీసుల్ని పంపండి."

"ట్రస్టు ఒప్పందంలో పద్నాలుగో క్లాజు. ట్రస్టు అనుమతి లేకుండా ప్రభుత్వ సిబ్బంది ఆవరణలో అడుగు పెట్టకూడదు. ఢిల్లీ నుంచి ఆర్డరు రేపు సాయంత్రానికి గానీ రాదు. ఎవరు డ్రాఫ్ట్ చేశారో గానీ, సూది దూరే సందు లేదు."

ఎవరు డ్రాఫ్ట్ చేశారో ఇద్దరికీ తెలుసు.

"లైన్లు ఖాళీ చేయిస్తే?"

"కదలిక చూసి తేదీ మార్చేస్తారు. ఈసారి పేజీ చింపి తెచ్చే ప్రదీప్‌కుమార్ ఉండడు."

బల్ల కిందనుంచి స్టీలు టిఫిన్ కేరియర్ తీశాడు. అడుగు గిన్నెలో జామర్. మీట నొక్కితే రిమోట్ సంకేతం తెగి, గేటు మోటారు పట్టు వదిలేస్తుంది. అప్పుడు చేత్తో మూయవచ్చు. బ్యాటరీ పదకొండు నిమిషాలు. ఈలోగా గేటు గాడిలో కూర్చోకపోతే మోటారు మళ్ళీ పట్టుకుని పైకి లాగేస్తుంది.

"చేత్తో మూయడానికి ఎంతసేపు పడుతుంది?"

"పన్నెండు నిమిషాలు," అంది హైమ. "నేనే కొలిచాను."

*

గురువారం పొద్దుటికి లైన్లలో నీళ్ళు మొదటి మెట్టు మీదికి వచ్చాయి. సత్యారావు గడపలో కూర్చుని బియ్యం డబ్బా మంచమెక్కిస్తున్న భార్య అప్పమ్మకి చెయ్యందిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు నోనాఘాట్ గేటు తిప్పిన హెడ్ కలాసీ. ఇప్పుడు అదే గేట్‌హౌస్‌లో హెరిటేజ్ గైడు. అతిథులొచ్చినప్పుడు పాత ఖాకీ యూనిఫారం, ఇత్తడి బిళ్ళ వేసుకుని స్తంభం పక్కన నిలబడాలి. వాళ్ళు ఫోటో తీసుకుంటారు. పునరావాసం అన్న శీర్షిక కింద అది కూడా హైమ సూచనే.

"ఏటమ్మా, ఇటొచ్చినారు," అన్నాడు. "మా మీద ఇంకో కాయితం రాయాలేటి?"

ఎత్తిపొడుపుగా అనలేదు. అదే కష్టమైంది. హైమ పోటు వేళ దగ్గర మొదలుపెట్టింది.

"మూడూ నలబై రెండు," అన్నాడతను మధ్యలోనే.

"నీకెలా తెలుసు?"

"పాంజీ కొనుక్కున్నాను. నా డబ్బుల్తోటేనమ్మా, మీ గ్రాంటు కాదు. సోమారం కంపూటరు తెర మీద ఐదూ నలబై రెండని సూసి ప్రదీపుబాబుకి సెప్పినాను. పేజీ సింపి ఇచ్చినాను. నే సూసుకుంతానన్నాడు. ఏడీ ఆయన?"

హైమ చెప్పింది.

అప్పమ్మ డబ్బా మీంచి చెయ్యి తీసింది. సత్యారావు లేచి డబ్బా తనే మంచమెక్కించాడు.

"మీ రిపోటు మా అమ్మాయి ఫోన్లో సదివి ఇనిపించినాది," అన్నాడు. "కలాసీలు అక్కర్లేదని. ఎంత బాగా రాసినారమ్మా. ఆకరికొచ్చీసరికి నేనూ నమ్మీసినాను."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో హైమను ఇద్దరు కాల్చారు. ఒకడు నదిలోకి తోశాడు. అవేవీ ఇంత సూటిగా తగల్లేదు.

"తప్పు చేశాను, సత్యారావూ."

"అదిప్పుడేటి లెండి. మనుసులేరీ? ఆరు బార్లు, బారుకిద్దరు కావాల. మావోళ్ళు సగం పోనారు, సగం ఆటోలు తోలుతున్నారు."

"ఎందుకు లేరు," అంది అప్పమ్మ. "మా సీపురోళ్ళం పదకొండు మందిమున్నాం. ఇయాల పెద్దోళ్ళొస్తున్నారని మాకక్కడే డూటీ. ఈయమ్మతో పన్నెండు."

సత్యారావు హైమను ఎగాదిగా చూశాడు. ఆ చూపులో ఆవిడ సగం మనిషి కిందే లెక్క.

అప్పమ్మ నీలం ఏప్రనూ, మాస్కూ, చీపురూ తెచ్చి ఇచ్చింది. మొహాలు మార్చే రబ్బరు తొడుగుల మీద సెక్షన్ ఎంతో ఖర్చుపెడుతుంది. చీపురు పట్టిన ఆడదాని మొహం ఎవరూ చూడరన్న సంగతి ఆ ల్యాబులో ఎవరికీ తట్టలేదు.

"సీపురు అలాగట్టుకుంటే సిటికెలో పట్టీసుకుంతారు," అంది అప్పమ్మ. "పెన్నులాగేటి? నడుమొంచు."

*

నోనాఘాట్ గేట్‌హౌస్ తళతళలాడుతోంది. పై అంతస్తులో అద్దాల కంట్రోల్ రూం. అక్కడ ట్రస్టు అధిపతి హోల్మ్, నలుగురు విదేశీ అతిథులు, ప్లేట్లలో సందేశ్ మిఠాయి. కింద పాత గేటు గది, ఇప్పుడు హెరిటేజ్ గ్యాలరీ. మధ్యలో నిలువెత్తు ఇనప స్తంభం. దానికి బార్లు గుచ్చి గానుగలా తిప్పితే కింద గేటు దిగుతుంది. బార్లకు బంగారు రంగు వేసి గోడకి అలంకరించారు. నేలంతా తెల్లని టైల్స్. స్తంభం చుట్టూ పట్టు తాడు, ముట్టుకోరాదన్న బోర్డు.

రెండూ ఐదుకి సత్యారావు ఇత్తడి బిళ్ళ సవరించుకుంటూ గొణిగాడు. "నదీ కాలవా సమానమయ్యీసరికి రెండూ ఇరవై. అది దాటితే ఇంక మనం తిప్పినా దిగదు, నీళ్ళు ఒత్తీస్తాయి."

"స్తంభం తిరుగుతుందా? నాలుగేళ్ళయింది."

"కనబడే సోట తుడిసెయ్యమన్నారు, తుడిసినాను. కనబడని సోట గ్రీజు ఎట్టినాను."

రెండూ ఎనిమిది. హైమ కేరియర్ని మోటారు గది గుమ్మంలో పెట్టి, అడుగు గిన్నె మీట నొక్కింది. గోడ వెనకాల గొలుసు సడలిన చప్పుడైంది. అప్పమ్మ పట్టు తాడు విప్పి పక్కన పడేసింది. పన్నెండు చీపుళ్ళు గోడకి చేరాయి. బంగారు బార్లు గోడ దిగి స్తంభంలోకి దూరాయి.

"ఎడమ సేతి మీదుగా," అన్నాడు సత్యారావు. "అడుగు తీసి అడుగెయ్యండి. పరిగెట్టొద్దు."

స్తంభం మూలిగి, కదిలింది.

హైమ అప్పమ్మ పక్కన బారు తోస్తోంది. మొదటి నిమిషంలోనే భుజాలు మండిపోయాయి. ఈ పనిని ఆవిడ రిపోర్టులో 'తక్కువ నైపుణ్యం' అన్న గడిలో వేసింది. ఆ గడి ఆవిడే గీసింది.

మూడో నిమిషంలో పైన అలారం మోగింది. ఐదో నిమిషంలో మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. చేనేత చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలో చిన్న పిస్తోలుతో నీరజ దిగింది.

"ఆపండి," అంది. ఆమె హైదరాబాదు పిల్ల, అరవడం అలవాటు లేదు. తర్వాత మాస్కు పైనున్న కళ్ళు గుర్తుపట్టింది. "అక్కా, మీరా? ఏందిది, ఏప్రనేసుకొని."

"నువ్వు శుక్రవారమన్నావు, నీరజా."

"అన్న. వాళ్ళకి కూడా మీ గురించి చాలానే అన్న. ఆపమనండి, లేకుంటే ఈ పెద్దాయన్ని కాల్చేస్త."

సత్యారావు ఆమెకేసి కూడా చూడలేదు. "ఆగకండి. ఆగితే మళ్ళీ కదల్దు."

"ప్రదీప్‌ని ఎవరు చంపారు?" అంది హైమ, తోస్తూనే.

"టీ నేనే తెచ్చిచ్చిన. చక్కెర తక్కువ తాగుతడు, పాపం." నీరజ రెండడుగులు ముందుకొచ్చింది. "నన్నట్ల చూడకండి, అక్కా. ఈ డిపార్ట్‌మెంట్‌ని నేను చంపలే. హోల్మ్ కూడా చంపలే. మీరు చంపిన్రు. అదీ ఫుట్‌నోట్లు పెట్టి. మేము ఖాళీ అయిన ఇంట్లోకి వచ్చినం, అంతే."

"అవును," అంది హైమ. బారు తోయడమే మిగిలింది.

నీరజ పిస్తోలు ఎత్తి గురి సరిచూసుకోడానికి ఇంకో అడుగు వేసింది.

"గీత లోపల నిలబడకమ్మా," అన్నాడు సత్యారావు.

నోనాఘాట్‌లో ఆ మాట వందేళ్ళ నాటిది. బార్లు తిరిగే మేర నేల మీద ఎర్రగీత ఉండేది. కలాసీ మొదటి రోజు నేర్చుకునేది అదే. నీరజ కిందికి చూసింది. ఆమెకి కనిపించింది తెల్లని ఇటాలియన్ టైలు. అతిథుల ఫోటోల్లో గీత బాగాలేదని టైల్స్ వేయించింది ఆమే.

"ఏం గీత?" అంది.

పన్నెండుమంది తోస్తుంటే బారు ఆగాలనుకున్నా వెంటనే ఆగదు. అది వెనకనుంచి వచ్చి ఆమె భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. పిస్తోలు టైల్స్ మీద జారుకుంటూ బోర్డు కిందికి పోయింది. మేరీరాణి అనే పొడుగాటి చీపురామె నీరజ రెండు చేతులూ పట్టి పక్కకి లాగి, మళ్ళీ వచ్చి తన బారు పట్టుకుంది.

తొమ్మిది నిమిషాలు.

"సత్యారావూ, మనకి ఇంకా రెండే ఉన్నాయి," అంది హైమ రొప్పుతూ. "పని పన్నెండుది."

"పన్నెండని ఎవులన్నారు?"

"నేను గడియారం పట్టుకుని కొలిచాను కదా."

"కొలిసినారు. మేం బేగి తిప్పితే నలుగురు సాలని రాస్తారని, కావాలని నిదానంగా తిప్పినాం. మద్దిలో బీడీ కూడా కాల్సినాం, గేపకం లేదేటి?"

హైమకు జ్ఞాపకముంది. 'చేతితో పన్నెండు నిమిషాలు, యంత్రంతో నాలుగు' అని బొద్దక్షరాల్లో టేబుల్ వేసింది. ముప్ఫై ఆరు పోస్టుల్నీ తీసేయించింది ఆ టేబులే.

"అప్పుడే నిజం చెప్పి ఉంటే..."

"అప్పుడు మీరు మందిని తగ్గించీవోరు. ఎటు తిప్పినా పోయీవోళ్ళమేనమ్మా. తొయ్యండి."

తోశారు. నేల కింద నీటి హోరు మారింది. నది కాలవ వైపు తిరగబడుతున్న చప్పుడది. బారు బరువెక్కింది. ఒకామె కాలు జారింది, లేచింది. హైమకు కళ్ళ ముందు చుక్కలు తప్ప ఏమీ లేవు. కేరియర్ మీద చిన్న ఎర్రదీపం మిణుకుమనడం మొదలుపెట్టింది. ఇక పది సెకన్లు.

"ఒక్క సుట్టు," అన్నాడు సత్యారావు. ఇత్తడి బిళ్ళ ఊడి పడుతున్నా చూసుకోకుండా, తనూ వచ్చి బారుకి భుజమానించాడు.

కింద ఎక్కడో, ఇనుము రాతిలో కూర్చున్న బరువైన చప్పుడు. అతను కాలితో అడ్డుకొయ్య తన్ని బిగించాడు. దీపం ఆరిపోయింది. మోటారు మేలుకుని, పట్టుకుని, పైకి లాగడానికి గింజుకుని, అడ్డుకొయ్య కదలక, కాలిన వాసన వేసి ఊరుకుంది.

మూడూ నలభై రెండుకి హుగ్లీ గేటు మీదికి నిండా వచ్చి నిలబడింది. గోడకి అవతలే. లైన్లలో నీళ్ళు మొదటి మెట్టు దాటలేదు.

నాలుగున్నరకి ఢిల్లీ ఆర్డరు వచ్చింది. హోల్మ్‌ని, ఎమర్జెన్సీ ఒప్పందం ఫైలుతో సహా, ఆయన కారులోనే పట్టుకున్నారు. స్ట్రెచర్ మీద నీరజ రామనాథంతో ఒక్క మాటే అంది, తను ఏ పక్షమని రాయమంటారో చెబితే అలాగే స్టేట్‌మెంట్ ఇస్తానని.

*

వారం తర్వాత హైమ మళ్ళీ నోనాఘాట్ వెళ్ళింది. ఈసారి ఏప్రను లేదు, చేతిలో ఫైలుంది.

ప్రభుత్వ రికార్డు ప్రకారం గురువారం నాడు గేటు దానంతటదే మూసుకుంది. సత్యారావు పేరు రాయడానికి రామనాథం ఎంత ప్రయత్నించినా వీలుపడలేదు. కలాసీ అన్న పోస్టు లేదు. లేని పోస్టులోని మనిషి ఉన్న గేటును మూయడం రూల్సు ఒప్పవు. ప్రదీప్‌కుమార్ విషయంలోనూ అంతే. శాఖ ఆయన తమవాడు కాడంది, ట్రస్టు మూతపడింది. సంతాపం ఎవరు చెప్పాలో తేలక ఎవరూ చెప్పలేదు. హైమ ఒక్కతే ఆయన భార్య లలితాంబ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ కాఫీ ఇచ్చింది. హైమ ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని, తాగలేక, దించలేక, గంటసేపు కూర్చుంది.

అయితే శాఖకు బుద్ధి వచ్చింది, కొంతమేరకు. గేటుకో చేత్తో తిప్పే బృందం ఉండాలన్నారు. అప్పమ్మ బృందంతో మొదలుపెట్టి పదకొండు గేట్లవాళ్ళకీ సత్యారావు నేర్పాలన్నారు.

గ్యాలరీలో అతను మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ మీద ఎర్రరంగుతో గీత గీస్తున్నాడు. అప్పమ్మ దారం పట్టుకుని గుండ్రం సరిచూస్తోంది.

"నువ్వు ఒప్పుకుంటే ఈ నెలలోనే ఆర్డరు వస్తుంది," అంది హైమ. "ముప్ఫై ఏళ్ళ అనుభవం నీది. ఎవరూ రాసి పెట్టలేదు. నువ్వు చెబుతుంటే నేను..."

సత్యారావు కుంచె డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"నేర్పుతానమ్మా. ఎంతమందొచ్చినా నేర్పుతాను. ఒక్క మాట."

"చెప్పు."

"దీని గురించి మీరేటీ రాయొద్దు."

అప్పమ్మ కొంగు చాటున నవ్వు దాచుకుంది. హైమ పెన్ను మూత పెట్టి, ఫైలు చంకన పెట్టుకుని, గీత బయట నిలబడింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎన్నో ఆదేశాలందుకుంది గానీ, వివరణ అడగాల్సిన అవసరం రానిది అదొక్కటే.